‘ఏమీ లేదు, బాగానే ఉన్నాను’ అంటారు, చొక్కా గుండీ పెట్టుకోలేరు

ఒక పాఠకురాలు రాసిన పొడుగాటి ఉత్తరం ఇది. సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమెకు 39 ఏళ్ళు, భర్తకు 44. పదకొండేళ్ళ పాప ఉంది. నాలుగు నెలల క్రితం ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి పేగులో కొంత భాగం తీసేశారు. రెండు లింఫు గ్రంథుల్లో కూడా క్యాన్సర్ కణాలు కనిపించాయని, ఇది మూడో దశ అని, రిపోర్టులో ‘టి3 ఎన్1’ అని ఉందని రాశారు (గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు వెళ్ళిందో ‘టి’, లింఫు గ్రంథులకు ఎంత పాకిందో ‘ఎన్’ చెబుతాయి). కేపాక్స్ అనే కీమో మొదలైంది. మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ నరం ద్వారా ఎక్కిస్తారు. ఆ రోజు నుంచి పద్నాలుగు రోజులు, పూటకు మూడేసి చొప్పున రెండు పూటలా కేపెసిటబిన్ మాత్రలు వేసుకోవాలి. తర్వాత వారం విరామం. ఈ మూడు వారాలూ కలిపి ఒక సైకిల్. ఇప్పటికి మూడు సైకిళ్ళు ఎక్కించారు. నాలుగోదానికి తొమ్మిది రోజులుంది. ‘నాలుగుతో ఆపవచ్చు, ఎనిమిది దాకా వెళ్ళవచ్చు, అప్పటి పరిస్థితిని బట్టి చూద్దాం’ అన్నారట డాక్టరు. ఆయన మాత్రం ఎనిమిదీ చేయించుకుని తీరతానంటున్నారు.

‘మూడో సైకిల్‌కి బయలుదేరే రోజు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేక, దాన్ని విప్పి పడేసి టీషర్టు వేసుకున్నారు. డాక్టరు గారు అడిగితే ఏమీ లేదు, బాగానే ఉన్నానన్నారు. రెండో సైకిల్‌లో రెండు రాత్రులు ఐదారుసార్లు బాత్రూంకి వెళ్ళారు, నాకు ఫ్లష్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. పొద్దున అడిగితే నిద్ర పట్టలేదన్నారు. పది మాత్రల అట్టలు తొమ్మిది కొన్నాం, చాటుగా లెక్కపెడితే ఆ సైకిల్ అయిపోయాక పన్నెండు మిగిలాయి. నిలదీస్తే, చెబితే డోసు తగ్గిస్తారు, తగ్గిస్తే జబ్బు తిరిగొస్తుంది, నువ్వు నా భార్యవి, నర్సువి కాదు అని కేకలేశారు. అంతా మొండితనం. ఒంట్లో మందుంది, దూరంగా ఉండమని వేరే గదిలో పడుకుంటున్నారు. పాపకి కడుపులో పుండుకి ఆపరేషన్ అని చెప్పాం. అత్తగారికీ, మరిదికీ కూడా అంతే. అత్తగారు తట్టుకోలేరంటారు ఈయన. డాక్టరు గారికి చాటుగా ఫోన్ చేయనా? పాపకి చెప్పాలా? ఒక్కోసారి ఈయన మీద ఎంత కోపం వస్తుందంటే, నా మీద నాకే అసహ్యం వేస్తోంది.’ ఇదీ ఆమె రాసింది.

సమాధానం:

మీరు ఆయనది మొండితనం అని రాశారు. ఆయన అన్న మాటను మీరే ఉత్తరంలో పెట్టారు: ‘తగ్గిస్తే జబ్బు తిరిగొస్తుంది.’ ఆయనలో పనిచేస్తున్నది భయం. నొప్పి ఓర్చుకున్న కొద్దీ బతికే అవకాశం పెరుగుతుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని తెలిసేదాకా మీరు ఎన్నిసార్లు నిలదీసినా ఆయన ఇంకా జాగ్రత్తగా దాస్తారు, అంతే.

అందుకే ముందు ఆ లెక్క సంగతి. మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత మూడు నెలల కీమో చాలా, ఆరు నెలలు కావాలా అన్న ప్రశ్న మీదే ‘ఐడియా’ అనే అంతర్జాతీయ అధ్యయనం జరిగింది. ఆరు ట్రయల్స్‌లోని 12,834 మంది వివరాలు కలిపి చూసి 2018లో ఫలితాలు ప్రచురించారు. టి1 నుంచి టి3 వరకు, ఎన్1 ఉన్నవాళ్ళలో, అంటే మీవారి రిపోర్టులాంటి రిపోర్టు ఉన్నవాళ్ళలో, కేపాక్స్ మూడు నెలలు తీసుకున్నవారికి ఆరు నెలలు తీసుకున్నవారి కంటే ఫలితం తక్కువగా లేదు. నరాల దెబ్బలో మాత్రం తేడా చాలా పెద్దది. రోజువారీ పనులకు అడ్డొచ్చే స్థాయి తిమ్మిరి ఆరు నెలల కేపాక్స్ తీసుకున్నవారిలో నూటికి సుమారు 45 మందికి వచ్చింది, మూడు నెలలవారిలో సుమారు 14 మందికి. మూడు నెలలంటే నాలుగు సైకిళ్ళు. డాక్టరు గారు ‘నాలుగుతో ఆపవచ్చు’ అన్నది ఏదో దయతలచి అన్న మాట కాదని ఆయనకు అర్థం కావాలి. ఇది మీరు చెబితే ఓదార్పులా వినిపిస్తుంది. ‘నా రిపోర్టుకి నాలుగుకీ ఎనిమిదికీ తేడా ఎంత?’ అని ఆయనే డాక్టరును అడిగేలా చూడండి. గడ్డ పేగుకు అడ్డుపడటం, పేగు చిల్లుపడటం లాంటివి ఏవైనా ఉంటే డాక్టరు లెక్క మారవచ్చు. అది ఆ గదిలో తేలాల్సిన విషయం.

ఇక గుండీల సంగతి. ఆక్సాలిప్లాటిన్ నరాలను రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. మొదటిది ఎక్కించిన కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. చన్నీళ్ళు ముట్టుకున్నా, ఫ్రిజ్‌లో చేయి పెట్టినా, చల్లని లోహపు వస్తువు పట్టుకున్నా వేళ్ళు జివ్వుమంటాయి. చల్లనిది మింగితే గొంతు బిగుసుకుపోయినట్టు, ఊపిరి అందనట్టు అనిపిస్తుంది. ఇది కొన్ని రోజుల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో గోరువెచ్చని నీళ్ళే తాగాలి, ఫ్రిజ్ తలుపు తీయాలంటే చేతికి తొడుగు వేసుకోవాలి, చలిగాలిలోకి వెళ్తే నోరూ ముక్కూ కప్పుకోవాలి. గొంతు పట్టినట్టు అనిపిస్తే వెచ్చగా ఉన్నచోట కూర్చుని గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా తాగితే సర్దుకుంటుంది. మందు ఎక్కుతుండగా దద్దుర్లు, దురద, ఆయాసం వస్తే మాత్రం అది అలర్జీ కావచ్చు. ఆక్షణమే నర్సును పిలవాలి. మొదటి సైకిళ్ళలో రానంత మాత్రాన ఇక రాదనుకోవద్దు. ఈ మందుకు అలర్జీ చాలామందిలో కొన్ని సైకిళ్ళు అయ్యాకే వస్తుంది.

రెండో రకం పోగుపడుతూ వస్తుంది. వేలికొసల్లో, కాలివేళ్ళలో మొదలై, తర్వాతి సైకిల్ వచ్చేసరికి కూడా పోకుండా నిలిచిపోతుంది. మొత్తం ఎంత మందు ఒంట్లోకి వెళ్ళిందన్న దాన్ని బట్టి పెరుగుతుంది. కేపాక్స్‌లో సాధారణంగా ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 130 మిల్లీగ్రాములు ఇస్తారు. నాలుగు సైకిళ్ళకు 520, ఎనిమిదికి 1,040. సుమారు 780 దాటాక చేతులు సరిగా పనిచేయకపోవడం ఎక్కువవుతుంది. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఇంకోటి ఉంది. మందు ఆపిన తర్వాత కూడా రెండు మూడు నెలల పాటు తిమ్మిరి ఇంకా పెరగవచ్చు, ఆ తర్వాతే మెల్లగా తగ్గుముఖం పడుతుంది. కొందరికి కొంత శాశ్వతంగా మిగులుతుంది. ‘భరించలేనంత అయ్యాక చెబుతాను’ అనుకునేవారు దెబ్బతినేది ఇక్కడే. వాళ్ళు చెప్పిన రోజుకు జరగాల్సింది ఇంకా సగమే కనిపిస్తూ ఉంటుంది.

మీరు గమనించిన రోజు చాలా ముఖ్యమైనది. అది రెండో సైకిల్ మొదలై ఇరవై ఒక్క రోజులు నిండిన రోజు, అంటే చలికి వచ్చే మొదటి రకం తిమ్మిరి పోయి ఉండాల్సిన రోజు. అప్పటికి రెండు డోసులే అయ్యాయి కాబట్టి, అంత త్వరగా గుండీ పట్టుకోలేనంత తిమ్మిరి రావడం మామూలు కంటే ముందే. అందుకే ఇది నిజంగా తిమ్మిరేనా అన్నది తేల్చుకోవాలి. కేపెసిటబిన్ అరచేతులకు, అరికాళ్ళకు చేసే చేటు వేరే ఉంది. చర్మం ఎర్రబడి, మండి, పొట్టు లేచి, పగులుతుంది. అప్పుడూ గుండీ పెట్టుకోలేరు, కాకపోతే నొప్పి వల్ల. తిమ్మిరిలో చర్మం మామూలుగానే కనిపిస్తుంది, గుండీ వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియదు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, తిమ్మిరైతే డాక్టరు ఆక్సాలిప్లాటిన్ తగ్గిస్తారు లేదా దాన్ని మాత్రం ఆపి మాత్రలు కొనసాగిస్తారు. చర్మమైతే మాత్రలు కొద్దిరోజులు ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెడతారు. అప్పుడు ఆక్సాలిప్లాటిన్ జోలికి పోనక్కరలేకపోవచ్చు. ‘బాగానే ఉన్నాను’ అన్న మాట వల్ల తప్పు మందు కొనసాగి, మంచి మందు ఆగిపోయే ప్రమాదం ఉంది. మధుమేహం, బి12 లోపం, మద్యం అలవాటు ఉన్నవారికి తిమ్మిరి తొందరగా రావచ్చు. ఆయనకు ఇవేమైనా ఉంటే అదీ చెప్పాలి. చర్మానికైతే యూరియా కలిసిన క్రీము రోజుకు రెండు మూడుసార్లు రాయడం, వేడినీళ్ళు, బిగుతు చెప్పులు మానడం మేలు చేస్తాయి. తిమ్మిరి రాకుండా ఆపే మందు ఇప్పటిదాకా లేదు. అసిటైల్ ఎల్ కార్నిటిన్ అనే గోళీలను నరాలకు మంచిదని అమ్ముతారు. ఒక ట్రయల్‌లో అవి కీమో తిమ్మిరిని ఇంకా పెంచాయి. ఎవరైనా తెచ్చిస్తే పక్కన పెట్టండి. బలం గోళీలని ఎవరైనా ఇచ్చే మల్టీవిటమిన్లనూ డాక్టరుకు చూపించాలి. వాటిలోని ఫోలిక్ యాసిడ్ కేపెసిటబిన్ దుష్ఫలితాలను పెంచగలదు.

మాత్రల లెక్కకు వద్దాం. పూటకు మూడు, రోజుకు ఆరు, పద్నాలుగు రోజులకు 84. మీరు కొన్నవి 90. అంటే అన్నీ సక్రమంగా వేసుకున్నా ఆరు మిగలాలి. మీరు పన్నెండు చూశారు కాబట్టి, ఎగ్గొట్టినవి ఆరే, ఒక రోజు డోసు. అది ఆ విరేచనాల రోజుల్లోదే అయ్యుండవచ్చని నా ఊహ. రాత్రిపూట విరేచనాలు మొదలైనా, మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైనా కేపెసిటబిన్ ఆపి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలన్నది ఈ మందు వాడకంలో మొదటి నియమాల్లో ఒకటి. ఆపకుండా వేసుకుంటే ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాల మీద భారం పడుతుంది. మూత్రపిండాలు మందగిస్తే మందు బయటికి పోవడం తగ్గి దుష్ఫలితాలు ఇంకా పెరుగుతాయి. అలా మొదలైన మామూలు విరేచనాలు రెండు మూడు రోజుల్లో ఆసుపత్రిలో పడకదాకా తీసుకెళ్ళగలవు. ఆయన తనంతట తానే ఒక రోజు ఆపి ఉంటే, చేసిన పనిలో సగం సరైనదే. ఫోన్ చేయకపోవడం, మరుసటి రోజు ఎవరినీ అడగకుండా మళ్ళీ మొదలుపెట్టడం తప్పు. ఈ మాటను ఇదే వరసలో ఆయనకు చెప్పి చూడండి. ‘మాత్రలు ఎందుకు ఎగ్గొట్టారు?’ అని మొదలుపెడితే వచ్చే జవాబు వేరు. ‘విరేచనాలప్పుడు మాత్రలు ఆపడం మంచిదేనట, అప్పుడు ఆపారా?’ అని అడిగితే వచ్చే జవాబు వేరు. ఇక చాటుగా అట్టలు లెక్కపెట్టడం మానేయండి. ఇద్దరి మధ్యా పోలీసు వ్యవహారం మొదలైంది అక్కడే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మీ ముందు దారులు కొన్ని ఉన్నాయి, అన్నిటికీ ఖరీదుంది.

ఒకటి, ఆయనకు ముందే చెప్పి, ఆయన ఎదురుగానే డాక్టరుకు చెప్పడం. ‘నాలుగో సైకిల్ రోజున నేనూ లోపలికి వస్తాను. నేను చూసింది రెండే రెండు చెబుతాను, గుండీలు, ఆ రెండు రాత్రులు. మిగతాదంతా మీరే చెప్పండి’ అని రెండు మూడు రోజుల్లో అనండి. ఆ రోజు గొడవ కావచ్చు, మీతో మాట్లాడకపోవచ్చు కూడా. కానీ తర్వాత ఆయనకు తెలియాల్సిన రహస్యం ఏదీ మిగలదు. నన్నడిగితే నేను మొదట చూసేది ఈ దారినే.

రెండోది, మీరు చెప్పే అవసరమే లేకుండా ఆయన చేతే రాయించడం. ఒక కాగితం మీద ఇరవై ఒక్క గడులు. రోజూ ఆయన చేత్తో ఆయనే నింపాలి: మాత్రలు వేసుకున్న టైములు, విరేచనాల సంఖ్య, నోటిపూత, చేతులకు సున్నా నుంచి పది వరకు ఒక మార్కు. ఇరవయ్యో రోజున మూడు పనులు చేసి చూడాలి. చొక్కా పై గుండీ పెట్టుకోవడం, ఫోన్‌లో నాలుగు వాక్యాలు టైపు చేయడం, చెప్పులు కాలినుంచి జారకుండా పది అడుగులు నడవడం. వచ్చినవీ రానివీ రాసి కాగితం డాక్టరుకు ఇవ్వాలి. ‘ఎలా ఉన్నారు?’ అంటే ఎవరైనా బాగున్నానంటారు. కాగితం మీద గడి నింపేటప్పుడు అబద్ధం రాయడం కాస్త కష్టం. అయినా ఆయన రాయవచ్చు. అప్పుడు మొదటి దారి ఎటూ ఉంది.

మూడోది మీరు అడిగిన చాటు ఫోన్. రోగి అనుమతి లేకుండా ఆయన వివరాలు మీకు చెప్పడానికి డాక్టరుకు ఇబ్బంది ఉండవచ్చు, కానీ మీరు చెప్పేది వినడానికి అడ్డేమీ ఉండదు. చేసేటట్లయితే పెద్ద కథ చెప్పకండి. ‘మీరు ఆయన చేతే ఒక గుండీ పెట్టించి చూడండి, రాత్రిపూట విరేచనాల గురించి సూటిగా అడగండి, నా పేరు తేవద్దు’ అనండి చాలు. కీమో విభాగంలో నర్సులకు ఇలాంటి ఫోన్లు కొత్తేమీ కాదు. కానీ మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. గుండీ పెట్టమని డాక్టరు అడగగానే ఎవరు చెప్పారో ఆయనకు ఊహించడం కష్టమా? తెలిసిన రోజున ఆయన మీ దగ్గర కూడా దాస్తారు, మీకు కనిపిస్తున్న కాస్తా కనిపించకుండా పోతుంది. మొదటి రెండూ కుదరకపోతేనే ఇది.

ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక దారే. నాలుగో సైకిల్‌తోనే ఆపేసేట్టయితే దాని నష్టం తక్కువ. ఎనిమిదికి ఒప్పుకునేట్టయితే చాలా ఎక్కువ. అందుకే ఈ తొమ్మిది రోజులూ విలువైనవి. ఈ మాట ఎత్తడానికి మూడో వారమే మంచిది. కీమో ఎక్కించిన మొదటి రెండు మూడు రోజులు వాంతులు రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తుంటారు. అది ఉన్నన్నాళ్ళు నిద్ర పట్టదు, చిటికెడు మాటకే చిర్రెత్తుతుంది. ఆపిన మర్నాడో ఆ తర్వాతో ఒక్కసారిగా నీరసం, దిగులు కమ్ముతాయి. ఆయన కేకలేసిన తేదీలు గుర్తు తెచ్చుకుని కీమో తేదీల పక్కన పెట్టి చూడండి. కొన్నిటికైనా కారణం కనిపిస్తుంది. ఆ స్టెరాయిడ్ డోసు పొద్దున్నే వేసుకోవచ్చా, తగ్గించవచ్చా అని అడగడం కూడా డాక్టరును అడగదగిన ప్రశ్నే.

పైన చెప్పిన బేరాలేవీ వర్తించనివి కొన్ని ఉన్నాయి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ తాకితే అర్ధరాత్రయినా వెంటనే ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. ముందు పారాసిటమాల్ వేసి తగ్గుతుందేమో చూద్దామనుకోవద్దు. మాత్ర జ్వరాన్ని దాస్తుంది గానీ తెల్లకణాలు పడిపోయిన ఒంట్లో ఇన్ఫెక్షన్ ఆగదు. గంటలు కూడా లెక్కలోకి వచ్చే వ్యవహారం అది. ఛాతీనొప్పి వస్తే కేపెసిటబిన్ ఆపి ఆ వెంటనే వెళ్ళాలి, ఈ మందు గుండె రక్తనాళాలను బిగదీయగలదు. నీళ్ళు కూడా నిలవని వాంతులు, రాత్రి విరేచనాలు, తినలేనంత నోటిపూత, ఆగని రక్తస్రావం కూడా ఈ కోవలోవే. ఈ జాబితాను ఇద్దరూ కలిసి ఒకసారి రాసుకోండి. వీటికి ఆయన అనుమతి అడగనక్కరలేదని, ఫోన్ మీరే చేస్తారని ఆయన ముందే ఒప్పుకోవాలి. బదులుగా మీరూ ఒకటి ఒప్పుకోండి. ఈ జాబితాలో లేనివాటి గురించి, ఎంత తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, ఎందుకు నడవలేదు అని, రోజుకు ఒక్కసారికి మించి అడగనని. ‘నర్సువి కాదు’ అన్న మాట వెనక ఉన్నది ఇదే. ఒంటి మీద అధికారం డాక్టరుకు పోయింది, పేగులో ముక్క పోయింది, ఇంట్లో అన్నా నన్ను రోగిలా చూడొద్దు అంటున్నారాయన. ఆ కోరికలో తప్పులేదు. దాన్ని ప్రాణం మీదికి తెచ్చే విషయాలకు కూడా వర్తింపజేయడమే తప్పు.

వేరే గది గురించి ఆయనకు ఎవరో అరకొరగా చెప్పినట్టున్నారు. కీమో మందులు మూత్రం, మలం, వాంతి ద్వారా బయటికి పోతాయి. ఎక్కించాక 48 గంటలు, కేపెసిటబిన్ వేసుకుంటున్న రోజుల్లో కూడా, ఫ్లష్ చేసేటప్పుడు మూత వేయాలి. ఒలికింది మీరు శుభ్రం చేయాల్సివస్తే తొడుగులు వేసుకోవాలి, తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. మాత్రలు విరవకూడదు, పొడి చేయకూడదు. మీరు తీసి ఇవ్వాల్సివస్తే చేత్తో పట్టకుండా అట్టలోంచి నేరుగా చిన్న కప్పులోకి తీసి ఇవ్వండి. పాపను వాటిని ముట్టుకోనివ్వవద్దు. ఇంతవరకే జాగ్రత్త. పక్కన పడుకోవడం, కౌగిలించుకోవడం, ముద్దు, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, వీటివల్ల మీకు గానీ పాపకు గానీ ఏ ప్రమాదమూ లేదు. కలయికప్పుడు కండోమ్ వాడాలి. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్న మగవారు చివరి డోసు తర్వాత కనీసం ఆరు నెలల వరకు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. ఈ పేరా ఒక్కటీ ఆయనకు చదివి వినిపించండి. ఆయన వేరే గదికి వెళ్ళింది మీ మీద ప్రేమతోనే అయితే తిరిగి వస్తారు. పొట్ట మీది కుట్ల గాటును చూపించడానికి సిగ్గుపడి వెళ్ళారేమో కూడా చూడండి. అదైతే మాటలతో కాదు, తొందర పెట్టకుండా ఉండటంతో సర్దుకుంటుంది.

పాపకు చెప్పాలి. పదకొండేళ్ళ పిల్ల ఇంట్లో తలుపుల వెనక మాటలు వినకుండా ఉండదు, విన్న సగాన్ని తనే పూరించుకుంటుంది. ఆ పూరించుకున్నది నిజం కంటే భయంకరంగా ఉంటుంది. క్యాన్సర్ అన్న మాటే వాడండి. మీ నోట వినకపోతే బడిలో వింటుంది, అప్పుడు జబ్బుతో పాటు మీరు అబద్ధం చెప్పారన్నదీ తెలుస్తుంది. ఈ వయసు పిల్లలు పైకి అడగకపోయినా లోపల తిరిగే ప్రశ్నలకు జవాబు అడక్కముందే ఇవ్వండి: ఇది నువ్వు చేసిన దేనివల్లా రాలేదు, ముట్టుకుంటే అంటుకోదు, నీ బడీ నీ తిండీ ఎవరు చూస్తారో ఇదిగో. ‘నాన్న చనిపోతారా?’ అంటే ‘చనిపోరు’ అని ఒట్టు పెట్టకండి. ‘అలా జరగకుండా ఉండటానికే ఈ మందు. ఏదైనా మారితే నీకు చెబుతాం’ అనండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఇద్దరూ కలిసి చెబితే బాగుంటుంది. ఆయన ఒప్పుకోకపోతే తిమ్మిరి గురించి మాత్రమైనా ఆయన చేతే చెప్పించండి. నాన్న చేతిలోంచి గ్లాసు జారితే అది ఎందుకో తెలిస్తే సగం భయం పోతుంది. క్లాసు టీచరుకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

కోపం గురించి రాసేటప్పుడు మీ అక్షరాలు చిన్నవైపోయాయి. జబ్బు మనిషి మీద కోపం రాకూడదని ఎక్కడా లేదు. ఆయన దాస్తున్నారు, దాని ఫలితం వస్తే మోసేది మీరు. కోపం రాకపోతేనే ఆశ్చర్యం. మరి మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది? ఉత్తరంలో మీ ఉద్యోగం గురించి ఒక్క వాక్యం, మీ ఆరోగ్యం గురించి అదీ లేదు. మూడో వారంలో ఒక పూట మీది అనుకోండి, ఆ పూట ఇంట్లో ఉండేది ఎవరో ముందే తేల్చండి. ‘ఏమైనా కావాలంటే చెప్పు’ అనేవాళ్ళకు పని పేరు పెట్టి ఇవ్వండి: ఫలానా తేదీన పాపను బడి నుంచి తీసుకురా, ఆ రోజు ఆసుపత్రికి మాతో రా. రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, ఏడుపు ఆగకపోయినా మీరూ డాక్టరును చూడాలి. ఆయన క్యాన్సర్ విభాగంలోనే కౌన్సెలర్ ఉంటే వాళ్ళు రోగి భార్యతోనూ మాట్లాడతారు, అడగాలంతే.

మిగిలింది అత్తగారు, మరిది. అత్తగారికి చెప్పడం మీవారి ఇష్టం. ఆమె తట్టుకోలేరన్నది ఆయన తీర్పు, దాన్ని ఆయనకే వదిలేయండి. మరిది సంగతి వేరు. 50 ఏళ్ళలోపే పెద్దపేగు క్యాన్సర్ వస్తే అది వంశంలో ఉందేమో చూడాలి. తీసిన గడ్డకు ‘ఎంఎంఆర్’ పరీక్ష (కణాల్లో డీఎన్‌ఏ తప్పులను దిద్దే ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూసేది) చేశారా అని డాక్టరును అడగండి. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉందేమో మొదట సూచించేది అదే. లించ్ లేకపోయినా, దగ్గరి రక్తసంబంధికులకు, అంటే తోబుట్టువులకు, పిల్లలకు, పెద్దపేగులోపల కెమెరాతో చూసే కొలనోస్కోపీ 40 ఏళ్ళకు గానీ, కుటుంబంలో జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళు ముందు గానీ, ఏది ముందైతే అప్పటి నుంచి మొదలుపెట్టమంటారు. మీవారికి 44కి బయటపడింది కాబట్టి తమ్ముడికి అది 34. పాపకూ అంతే, లించ్ ఉంటే ఇంకా చాలా ముందు. మీ మరిదికి ఆ వయసు ఇప్పటికే దాటి ఉంటే, కడుపులో పుండని మీరు చెప్పిన మాట ఆయన్ను ఆ పరీక్షకు దూరంగా ఉంచుతోంది. పేగులో పెరిగే చిన్న పిలకను క్యాన్సర్ కాకముందే కొలనోస్కోపీలో తీసేయవచ్చు. తన డోసు సంగతి దాచుకోవడం వేరు, ఇది వేరు. ఈ ఫోన్ మీరు చేయకండి, ఆయన చేతే చేయించండి. ‘నాకు ఇది వచ్చింది, నువ్వు పరీక్ష చేయించుకో, అమ్మకు చెప్పకు’ అంటే సరిపోతుంది. నాలుగో సైకిల్ రోజున ఎంఎంఆర్ రిపోర్టు కాపీ ఒకటి అడిగి తీసుకోండి. మరిది తన డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు అది చేతిలో ఉండాలి.